కప్ప బొమ్మ మీద స్నేక్‌హెడ్ చేప నాలుగుసార్లు దూకింది, ఒక్కటీ పడలేదు. ఎందుకు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు ఉండేది వర్జీనియాలో, యాష్‌బర్న్‌లో. కొత్తగా రబ్బరు కప్ప ఎర కొన్నారు. రెండు శనివారాలు మేరీలాండ్ వైపు మట్టవుమన్ క్రీక్‌కి వెళ్ళారు. నాలుగుసార్లు ఆకుల మధ్య నీళ్ళు పగిలేలా చేప దూకింది, నాలుగుసార్లూ కప్ప ఖాళీగానే వెనక్కి వచ్చింది. రెండో సంగతి: ఊరి నుంచి వచ్చిన అమ్మగారు "అది మన కొర్రమీనే కదా, బతికున్నది పట్టుకురా" అంటున్నారట. తేవచ్చా అని అడిగారు.

ముందు రెండింటికీ సూటిగా చెప్తాను. నీళ్ళు ఎగిసినప్పుడు లాగకండి, దారం బరువెక్కినప్పుడు లాగండి. మీ నాలుగు చేపలూ నూటికి తొంభై పాళ్ళు అక్కడే పోయాయి. రెండోది, ఆ చేపను ప్రాణంతో ఒడ్డు దాటించకండి, ఒక్క అడుగు కూడా. అమ్మగారికి ఎలా నచ్చజెప్పాలో కింద రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది.

నాది సిద్దిపేట వైపు చెరువు కింద పల్లె. పన్నెండేళ్ళుగా పొటోమాక్ నది పక్క క్రీకుల్లో, అంటే దాన్లో కలిసే ఏరుల్లో, స్నేక్‌హెడ్ పడుతున్నాను. ఇప్పుడు చెప్పేదంతా చేసి చూసినదే.

మీ ఎదురుగా ఉన్న చేప గురించి ముందు రెండు ముక్కలు. అది కొర్రమీనుకి దగ్గర చుట్టం, కానీ కొర్రమీను కాదు. మన తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను చన్నా స్ట్రయాటా. ఇక్కడిది చన్నా ఆర్గస్, చైనా, కొరియా, రష్యా తూర్పు కొస నీళ్ళది. మనది ఈ చలికి బతకదు, ఇది పైన మంచు గడ్డకట్టినా కింద బతికే ఉంటుంది. ఒంటి మీద కొండచిలువ మచ్చల్లాంటి పెద్ద మచ్చలుంటాయి. బుద్ధి మాత్రం ఒకటే. రెండూ పైకి వచ్చి గాలి మింగుతాయి, రెండూ నాచులో దాక్కుని పైనపోయే కప్పను పడతాయి, రెండూ పిల్లల గుంపుకి కాపలా కాస్తాయి. అందుకే మన చెరువుల దగ్గర నేర్చుకున్నది ఇక్కడ సగం పనికొస్తుంది.

సగమే అని ఎందుకంటున్నానంటే, మా మేనమామ బతికున్న కప్పపిల్లను గాలానికి గుచ్చి, పొడవాటి వెదురుకర్రతో తుంగలో టప్ టప్‌మని ఆడించేవాడు. చేప దూకగానే నేను కర్ర పట్టుకోబోతే చెయ్యి మీద కొట్టి "ఆగు, మింగనియ్యి" అనేవాడు. ఆయన బీడీ ముట్టించుకునేంత సేపు ఆగేవాడు. నిజం కప్ప కాబట్టి చేప దాన్ని పట్టుకుని లోపలికి పోయి, తీరిగ్గా తిప్పుకుని మింగేది. రబ్బరు కప్పతో అంతసేపు ఆగితే కుదరదు. నోట్లో పెట్టుకున్నాక తేడా తెలిసి ఊసేస్తుంది. అలాగని నీళ్ళు ఎగసిన క్షణానే గుంజితే, ఇంకా నోరు మూయకముందే కప్పను మీరే లాగేసుకుంటున్నారు. ఈ రెండింటి మధ్య ఉన్నది ఒకటి, ఒకటిన్నర సెకను. ఆ సందులోనే పనంతా.

చేప దూకింది. మీరు రాడ్ కొనను కిందికి, కప్ప వైపుకి వంచండి. వంచుతూనే వదులైన దారాన్ని రీల్‌తో చుట్టేయండి. దారం చేతికి బరువుగా తగులుతుంది, లేదా పక్కకి జరుగుతుంది. అప్పుడు రెండు చేతులతో, నడుము తిప్పి, బలంగా పైకి లాగండి. తగలకపోతే లాగనే వద్దు, కప్పను అక్కడే ఉంచి మళ్ళీ కదిలించండి. చాలామంది ఇక్కడ ఇంకో తప్పు చేస్తారు. చేప తప్పగానే కప్పను గబగబా చుట్టేసి, నిట్టూర్చి, వేరే చోట వేస్తారు. స్నేక్‌హెడ్ బాస్ అనే చేప లాంటిది కాదు, తప్పిపోయిన దాని మీదికి మళ్ళీ వస్తుంది. ఒకే చేప నా కప్ప మీద మూడుసార్లు దూకి నాలుగోసారి పడిన రోజులున్నాయి. అది రాకపోతే, పక్కన ఇంకో రాడ్‌కి బరువు లేని మెత్తటి ప్లాస్టిక్ చేప కట్టి సిద్ధంగా పెట్టుకుని, అదే బొక్కలో నెమ్మదిగా దిగనివ్వండి. నా చేపల్లో అలా పడ్డవి తక్కువేం కాదు.

ఎందుకు ఇన్ని తప్పుతాయంటే, తామరాకుల్లాంటి స్పాటర్‌డాక్ ఆకుల కింద నుంచి చేపకి కప్ప సరిగ్గా కనిపించదు. కదలిక, నీడ, ఆకు ఊగడం చూసి అంచనాగా కొడుతుంది. ఆకు అడ్డొచ్చి కప్ప పైకి ఎగురుతుంది. అంటే కొన్ని తప్పడం మీ చేతిలో లేదు. నాకు ఇప్పటికీ పది దూకుళ్ళకి నాలుగో ఐదో పడతాయి, ఆకు మరీ దట్టంగా ఉంటే ఇంకా తక్కువ. నాలుగుకి సున్నా అని మీరు బాధపడాల్సిన అవసరం లేదు.

కప్పను కొన్నది కొన్నట్టు వేయకండి. ఇది నేను గట్టిగా నమ్మే సంగతి. డబ్బాలోంచి తీయగానే మూడు పనులు చేస్తాను. మొదటిది, రెండు గాలపు కొనలూ కప్ప వీపుకి మరీ అతుక్కుని ఉంటాయి, నాచు తగలకుండా అలా చేస్తారు. ప్లయర్స్‌తో ఒక్కో గాలాన్ని బయటికి, పైకి వెంట్రుకవాసి వంచుతాను. కప్పను బొటనవేలితో నొక్కితే రెండు కొనలూ పూర్తిగా బయటపడాలి. పడకపోతే ఇంకాస్త వంచాలి. ఎక్కువ వంచితే ప్రతి ఆకూ తగులుకుంటుంది, కాబట్టి కొంచెం కొంచెంగా. రెండోది, రబ్బరు కాళ్ళు పొడవుగా వేలాడుతుంటే చేప ఆ కాళ్ళనే పట్టి లాగుతుంది. వాటిని అంగుళంన్నర దాకా కత్తిరిస్తాను. ఒక కాలు రెండోదానికంటే కాస్త పొట్టిగా ఉంటే కప్ప అటూ ఇటూ బాగా నడుస్తుంది. మూడోది, గాలాన్ని ఆకురాయితో పదును పెట్టడం. స్నేక్‌హెడ్ దవడ ఎముకలాంటిది. గోటి మీద గీస్తే గాలం జారకుండా గుచ్చుకోవాలి, జారితే పదును చాలదు. రెండు చేపలు పడ్డాక మళ్ళీ చూసుకోండి.

ఇంకో చిన్న సంగతి. బోలు కప్పలోకి నీళ్ళు ఎక్కుతాయి. పది పదిహేనుసార్లు వేశాక ఒకసారి, గాలాలు దూరే రంధ్రం కిందికి వచ్చేలా పట్టి పిండేయండి. నీళ్ళు నిండిన కప్ప తోక దించుకుని, ఆకు మీద తడిగుడ్డలా జారుతుంది. మీ కప్పను చేప రోజంతా పట్టించుకోలేదంటే ముందు దాన్ని పిండి చూడండి.

రాడ్, దారం విషయంలో పొదుపు చూడకండి. ఏడడుగుల హెవీ రాడ్, కనీసం 50 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన దారం. నేను 65 వాడతాను. నైలాన్ దారం వద్దు, సాగుతుంది. దూరంగా ఆకుల్లో ఉన్న చేప నోట్లోకి గాలం దిగదు. బ్రెయిడ్ చివర వేరే దారం కలపకుండా కప్పకి నేరుగా, పాలోమర్ ముడితో కట్టేయండి. మొదటి ఏడాది నేను బాస్ కోసం కొన్న సన్న రాడ్‌తోనే వెళ్ళాను. జూలైలో ఒక పెద్ద చేప పడింది, రెండు క్షణాల్లో కాడల చుట్టూ తిరిగి దారాన్ని చుట్టేసింది. పడవ తీసుకుని అక్కడికి పోయేసరికి దారానికి మిగిలింది గుప్పెడు నాచు. పడగానే తల పైకి ఉండేలా, ఆపకుండా ఆకుల మీదుగా లాక్కొచ్చేయాలి. చేపతో పాటు కిలో నాచు వచ్చినా పర్లేదు.

ఇక ఎక్కడ, ఎప్పుడు. కప్ప పని చేసేది నీళ్ళు వెచ్చబడి, ఆకులు పైకి లేచాక. ఇక్కడ మే చివర నుంచి సెప్టెంబర్ దాకా. ఏప్రిల్‌లో కప్పతో కాలం వృథా చేసుకోకండి, అప్పుడు నీళ్ళ లోపల పోయే చాటర్‌బెయిట్ లాంటి ఎర మేలు. మట్టవుమన్ అయినా, వర్జీనియా వైపు డోగ్ క్రీక్, పోహిక్ బే అయినా ఇవన్నీ పోటు పాటు ఉన్న నీళ్ళు, అంటే సముద్రంతో పాటు రోజూ ఎక్కి దిగేవి. చెరువు అలవాటున్న మనవాళ్ళు దీన్ని మరిచిపోతారు. పొద్దున ఏడింటికి చేప ఉన్న చోట పదింటికి బురద తేలి ఉంటుంది. నిండు పోటులో చేపలు ఆకుల వెనక, ఒడ్డు గడ్డి దాకా చెల్లాచెదురు అవుతాయి. పాటు దిగుతుంటే అక్కడ నీళ్ళుండవు కాబట్టి ఆకుల బయటి అంచుకి, లోపలి నుంచి వచ్చే చిన్న కాల్వల నోళ్ళకి చేరతాయి. నాకు పాటు చివరి రెండు గంటలు ఇష్టం. నిండు పోటే మంచిదనే పాతకాపులు కూడా ఉన్నారు, వాళ్ళూ చేపలు పడుతున్నారు. కొత్తవారికి మాత్రం పాటే సులువు, వెతకాల్సిన చోటు తగ్గుతుంది.

వెళ్ళగానే కప్ప వేయకండి. పది నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. గాలి కోసం పైకి వచ్చినప్పుడు గుళుక్కుమని చప్పుడవుతుంది, ఆ వెంటనే రెండు మూడు బుడగలు. మన చెరువుల్లో మత్స్యకారులు చూసేదీ అదే. బుడగల మీద వేయకండి, బెదురుతుంది. దాటించి ఆరేడు అడుగుల అవతల వేసి, ఆ చోటు పక్కనుంచి తీసుకురండి. బాస్ కోసం చెప్పే వీడియోల్లో కప్పను ఆపి ఆపి ఆడించమంటారు. స్నేక్‌హెడ్‌కి నా అనుభవంలో ఆగకుండా ఒకే వేగంతో పోయే కప్ప మేలు. కప్ప వెనక నీళ్ళు నాగలి చాలులా చీలుతూ వస్తుంటే గుండె ఆగినంత పనవుతుంది, చెయ్యి తనంతట తానే ఆగుతుంది. ఆపకండి, వేగమూ పెంచకండి. అదే నడక.

జూన్, జూలైలో వేల కొద్దీ పిల్లలు నీటి పైన ముద్దగా, వాన చినుకులు పడ్డట్టు కదులుతూ కనిపిస్తాయి. కింద తల్లీ తండ్రీ ఉంటాయి. ఆ ముద్ద మీదుగా కప్ప వెళ్తే ఆకలి లేకపోయినా కొడతాయి. మా ఊళ్ళో ఇలా పిల్లలతో ఉన్న కొర్రమీను జోలికి వెళ్ళనిచ్చేవారు కాదు, తల్లి పోతే పిల్లలు మిగలవు, వచ్చే ఏడు చెరువులో చేప ఉండదు. ఇక్కడ నేను అదే కారణంతో వాటిని పడతాను. మొదట్లో నాకు ఇది మనసుకి కష్టంగానే ఉండేది. కానీ ఈ నీళ్ళకి ఈ చేప కొత్త. మేరీలాండ్‌లోని బ్లాక్‌వాటర్ నదిలో ఇది స్థిరపడక ముందు, తర్వాత రాష్ట్ర శాస్త్రవేత్తలు లెక్క చూస్తే, రెండు కాలాల్లోనూ దొరికిన 21 జాతుల్లో 17 తగ్గాయి. ఎవరికి పుట్టిన చోటు ఎక్కడో వాళ్ళకి అక్కడ న్యాయం చేయాలి కదా.

ఇప్పుడు అమ్మగారి మాట.

మనకి కొర్రమీను అంటే బతికున్నదే. బజారులో తొట్లోంచి తీయించి, కళ్ళముందు కోయించుకుంటాం. చచ్చిన కొర్రమీనుని ఎవరూ ముట్టరు. మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో చేప మందు వేసేదీ బతికున్న కొర్రమీను పిల్లతోనే. ఒంటికి బలమనే నమ్మకం మనకెంత ఉందో చైనా వాళ్ళకీ అంతే ఉంది. మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊళ్ళో ఈ కథ మొదలైంది ఆ నమ్మకంతోనే. ఒకాయన జబ్బుపడిన సోదరికి సూప్ కాచి పెట్టాలని న్యూయార్క్ చైనాటౌన్ నుంచి బతికున్న చేపలు రెండు తెప్పించారు. అవి వచ్చేసరికి ఆమె కోలుకున్నారు. కొన్నాళ్ళు తొట్టిలో పెంచి, తర్వాత ఇంటి దగ్గర కుంటలో వదిలేశారు. 2002లో ఆ కుంటలో పెద్ద చేపతో పాటు పిల్లలు బయటపడ్డాయి. రోటెనోన్ అనే మందు పోసి కుంటలో చేపలన్నింటినీ చంపితే వెయ్యికి పైగా స్నేక్‌హెడ్ పిల్లలు తేలాయి. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వం లేసీ చట్టం (వన్యప్రాణుల రవాణా మీద కేంద్ర చట్టం) కింద ఈ చేపల కుటుంబం మొత్తాన్ని, అంటే మన కొర్రమీనుతో సహా, బతికుండగా దేశంలోకి తేవడం నిషేధించింది. 2004లో పొటోమాక్‌లోనే కనిపించింది, ఇంక అక్కడి నుంచి తీసేయడం ఎవరి వల్లా కాలేదు.

ఆయనది చెడ్డ మనసు కాదు. చేసింది మన అమ్మ చేయమన్నదే.

కాబట్టి పట్టిన చోటే చంపండి. మీరు మేరీలాండ్‌లో పట్టి వర్జీనియా ఇంటికి తీసుకెళ్తారు. బతికుంటే రాష్ట్ర నిబంధన దాటినట్టే, ఆ నిబంధన మీరి రాష్ట్రం దాటించినందుకు కేంద్ర చట్టమూ దాటినట్టే. "ఐస్‌లో పెడితే అదే చస్తుంది" అనుకోకండి. నేను మొదటి ఏడాది అలాగే అనుకుని కూలర్‌లో పెట్టి ఇంటికి తెచ్చాను. గంటన్నర తర్వాత గ్యారేజీలో మూత తీస్తే చేప తల ఎత్తి నోరు తెరిచింది. నా చిన్న కూతురు పక్కనే ఉంది. ఆ రోజు నాకు భయం వేసింది, తప్పు చేశానని అర్థమైంది కూడా. గాలి మింగే చేప, తడి ఉంటే చాలు, రోజుల తరబడి బతుకుతుంది. అప్పటి నుంచి ఒడ్డునే కళ్ళ వెనక నెత్తి మీద చెక్కతో గట్టిగా ఒక్క దెబ్బ, వెంటనే మొప్పలు కోసి రక్తం కార్చడం, పొట్ట చీల్చి లోపలివి తీసేయడం. అప్పుడే ఐస్. రక్తం పోతే కూర కూడా నీచు రాదు, అమ్మగారికి ఈ మాట చెప్పండి. మా అమ్మ ఒప్పుకుంది దీనికే.

చంపేముందు ఒక్కసారి చేపను సరిగ్గా చూడండి. ఇక్కడ బోఫిన్ అనే స్థానిక చేప ఉంది, దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. కింద, మలద్వారం నుంచి తోక వైపు సాగే రెక్క చూడండి. స్నేక్‌హెడ్‌కి అది పొడవు, బోఫిన్‌కి పొట్టి. బోఫిన్ అయితే మర్యాదగా నీళ్ళలో వదిలేయండి. ఈ నీళ్ళు దాని ఇల్లు.

గాలం తీసేటప్పుడు బాస్‌కి పెట్టినట్టు నోట్లో బొటనవేలు పెట్టకండి. లోపల కుక్కపళ్ళలాంటివి ఉంటాయి. పెదవి పట్టే గ్రిప్, పొడవాటి ప్లయర్స్ లేకుండా వెళ్ళొద్దు. కయాక్‌లో ఉంటే చేపను ఒళ్ళోకి తీసుకోకముందే నెత్తి దెబ్బ వేయండి. తన్నుకునే చేప, రెండు గాలాలున్న కప్ప, మీ తొడ, ఈ మూడూ ఒకచోట ఉండకూడదు.

లైసెన్స్ సంగతి చిన్నదే కానీ చాలామంది తప్పుతారు: మేరీలాండ్ క్రీకుల్లోకి మేరీలాండ్‌ది, వర్జీనియా క్రీకుల్లోకి వర్జీనియాది. ఈ చేపకి సంఖ్య పరిమితి లేదు. వర్జీనియాలో పట్టి ఉంచుకుంటే రాష్ట్ర వన్యప్రాణి శాఖకి తెలియజేయాలి. వెళ్ళేముందు ఆ ఏటి నిబంధనలు వాళ్ళ సైట్‌లో ఒకసారి చదువుకోండి. పొటోమాక్ చేపలు నెలకి ఎన్నిసార్లు తినొచ్చో రెండు రాష్ట్రాలూ సూచనలు ఇస్తాయి, పిల్లలూ గర్భిణులూ ఉన్న ఇంట్లో అది తప్పక చూడాలి. మేరీలాండ్ ఈ చేపను జనం ఎక్కువగా తినాలని 2024లో చట్టం చేసి చెసపీక్ చన్నా అని పేరు కూడా మార్చింది. రాష్ట్ర రికార్డు 2023లో డార్చెస్టర్ కౌంటీలో పడిన 21 పౌండ్ల చేప. మీకు మొదట్లో పడేవి నాలుగైదు పౌండ్లవి, ఒక కుటుంబానికి పులుసుకి సరిగ్గా సరిపోతాయి.

వండడం గురించి అమ్మగారికి నేను చెప్పేదేముంది. ఒకటే: ఊళ్ళో జిగురు పోవడానికి బూడిద రాసి బండకేసి తోముతాం, ఇక్కడ కల్లుప్పు, గోధుమపిండి కలిపి రుద్దితే అంతే బాగా పోతుంది. వెన్ను పక్కన ఎర్రటి పొర ఉంటుంది, దాన్ని తీసేయండి. ముక్కలు కాస్త పెద్దవిగా కోయండి, కండ గట్టిది కాబట్టి పులుసులో విరగదు. మా అమ్మ మొదటి ముద్ద తిని "మన చెరువుదానంత తీపి లేదు" అంది, రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఈ శనివారం వెళ్తే పాటు ఎన్నింటికి దిగుతుందో ముందురోజే చూసుకోండి. దూకినప్పుడు నోటితో "ఒకటి" అని పైకి అనండి, అన్నాక దారం చూడండి. నేను మొదటి రెండేళ్ళూ అలాగే అనేవాణ్ణి. ఈసారి తప్పినా కప్ప ఏ చోట తెగిందో, పంటి గాట్లు వీపు మీదున్నాయా కాళ్ళ మీదున్నాయా చూసి రాయండి, గాలం ఎంత వంచాలో చెప్తాను.